బండెక్కే ముందు పరీక్ష

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏయే మెషిన్ల మీద పని చేశారు, ఏయే పరీక్షలు చేశారు అని అడుగుతారు. మెషిన్ల సంగతి వాటితో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. నేను చెప్పగలిగింది వేరే. ఒక పరీక్షను ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఫలితం ఎవరి చేతికి పోతుంది అన్న మూడూ తెలుసుకోకుండా సీసా మూత తీయకూడదు. ఈ మాట నాకు కోర్సులో ఎవరూ చెప్పలేదు. గోదావరిఖనిలో, నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీసే ఒక ఓపెన్‌కాస్టు గని గేటు పక్కన, రేకుల గదిలో నేర్చుకున్నాను.

మా నాన్న భూమి లోపల బొగ్గు నింపిన కార్మికుడు. నేను కంపెనీ క్వార్టర్లలోనే పుట్టి, ఆ కంపెనీ డిస్పెన్సరీలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా వీధిలో ఇంకో ఇద్దరు సరోజలు ఉండేవాళ్లు కాబట్టి నన్ను "నెత్తురు సరోజ" అనేవారు. సూది గుచ్చేది నేనే కదా. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినప్పుడు మిఠాయి పంచాను, అంతటితో సరి.

వాసన లేని ప్రమాదం

రాష్ట్రం ఇంకా రాలేదు. ఊళ్లో ఏ టెంటు కింద చూసినా ఆ మాటే నడుస్తున్న కాలం. ఎండాకాలంలో ఒకరోజు, మొదటి షిఫ్టు మొదలైన కాసేపటికి, బొగ్గు మీది మట్టిని మోసుకుపోతున్న ఒక డంపర్ రోడ్డు అంచున పోసిన మట్టికట్ట ఎక్కి పక్కకు ఒరిగిపోయింది. డంపర్ చూడనివాళ్ల కోసం చెప్తున్నాను, దాని టైరు పక్కన నిలబడితే మనం టైరంత ఎత్తు కూడా ఉండం. కట్ట ఆపింది కాబట్టి సరిపోయింది. లేకపోతే కింద పని చేస్తున్నవాళ్ల మీద పడేది. నడిపిన సమ్మయ్య భుజం విరిగి బయటపడ్డాడు.

తాగి నడిపాడని అందరూ అనుకున్నారు. అతని నెత్తురు నేనే తీశాను. ముఖం దగ్గరికి వంగినా మందు వాసన లేదు. కానీ కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. దెబ్బ తగిలిన మనిషి నొప్పితో మెలకువగా ఉంటాడు. ఇతను జోగుతున్నాడు.

"సమ్మన్నా, రాత్రి నిద్ర పట్టలేదా?" అని అడిగాను.

"మంచిగనే పన్న చెల్లె. పొద్దుగాల మా ఇంటామె గుంజి లేపితె గాని లేవలే. నేను సారా ముట్ట, బ్రాందీ ముట్ట. మాపటికి ఇంత కల్లు తాగి పన్న, గంతే."

ఆ నెత్తురును మద్యం పరీక్షకు పెద్దాసుపత్రికి పంపారు. మద్యం లేదని వచ్చింది. అయినా అతన్ని సస్పెండు చేశారు, నిర్లక్ష్యం అనే పేరుతో.

ఆ వారంలోనే ఓదెలన్న మా ల్యాబుకు వచ్చాడు. ఆ గనిలో యూనియన్ కార్యదర్శి. తనూ డంపర్ ఆపరేటరే. పొడుగ్గా, ఎప్పుడూ నిదానంగా మాట్లాడే మనిషి. స్టూలు జరుపుకొని కూర్చుని అడిగాడు.

"చెల్లె, కంపెనీ తాగిండంటది. రిపోర్టు తాగలేదంటది. మరి పట్టపగలు కండ్లెట్ల మూసుకపోయినయ్?"

"నాకు తెలియదన్నా."

"నాకు గూడ తెల్వది. సమ్మయ్య ఒక్కడే గాదు. నా పక్క బండ్లల్ల గూడ తలకాయలు వాలుడు చూసిన. ఏందో తెలుసుకోవాలె."

అప్పటిదాకా నా పని అడిగిన పరీక్ష చేసి కాగితం ఇవ్వడం. కారణం తెలుసుకోవాలనే కోరికతో నా బల్ల ముందు కూర్చున్న మొదటి మనిషి అతనే. ఆ కోరిక నాకూ అంటుకుంది.

యూనియన్ ఎందుకు చేయాలి

సభ్యులు ఇష్టపడితే డ్యూటీకి ముందు మత్తు పరీక్ష చేయించుకోవచ్చు, ఆ ఏర్పాటు యూనియనే చేస్తుంది అని ఓదెలన్న మీటింగులో చెప్పినప్పుడు పెద్ద గొడవైంది. నేను వెనక నిలబడి విన్నాను. ఒకతను లేచి, "కంపెనీ చేసే పని మనమెందుకు చెయ్యాలె? మన మెడకు మనమే ఉరి ఏసుకుంటమా?" అన్నాడు. చప్పట్లు పడ్డాయి.

ఓదెలన్న చప్పట్లు ఆగేదాకా ఆగాడు. "కంపెనీ చేస్తే కాయితం మేనేజరుకు పోతది. మనం చేస్తే ఎవని సంగతి వానికే తెలుస్తది. బండి పడితె కిందున్నోడు గూడ మనోడే గదనే. ఇష్టమున్నోళ్లే రాండ్రి. రానోళ్లను ఎందుకు రాలేదని ఎవ్వడడగడు. నేనే అడగనియ్య."

మా డిస్పెన్సరీ డాక్టరు ప్రసాద్ గారి సాయం కావలసి వచ్చింది. ఆయనది కోస్తా. ఎప్పుడో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. విషయం విని కళ్లజోడు తుడుచుకుంటూ ఆలోచించారు.

"చేద్దామండి. కానీ ఎవరినీ తీసుకురాకూడదు, వాళ్లంతట వాళ్లే రావాలి. ఎవరికి ఏం వచ్చిందో ఆ మనిషికీ నాకూ సరోజ గారికీ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. మీకు కూడానండి, ఓదెలు గారూ."

"నాకెందుకు సార్, వద్దు" అన్నాడు ఓదెలన్న.

యూనియన్ ఆఫీసు పక్కన రేకుల గది. మా డ్యూటీ మొదలయ్యే ముందు నేనూ డాక్టరు గారూ అక్కడ కూర్చోవాలని అనుకున్నాం. మొదటి ఉదయం బల్ల మీద మూత్రం పట్టే కప్పులు, అందులో ముంచే పరీక్ష పట్టీలు సర్దుకుని కూర్చుంటే ఒక్కరూ రాలేదు. హెల్మెట్లు పెట్టుకుంటూ, టీ తాగుతూ, గది వైపు చూసి చూడనట్టు వెళ్లిపోతున్నారు. చివరికి ఓదెలన్న అందరూ చూస్తుండగా లోపలికి వచ్చి కప్పు తీసుకున్నాడు.

ఒక్క గీత

ఆ పట్టీ గురించి చెప్పాలి. గర్భ పరీక్ష పట్టీలాగే ఉంటుంది గాని చదివే తీరు తలకిందులు. మూత్రంలో మత్తుమందు లేకపోతే రెండు గీతలు పడతాయి. ఉంటే రెండో గీత రాదు. అంటే గీత మాయమైతే మందు దొరికినట్టు. తరవాతి రోజుల్లో ఒక కొత్త పెళ్లికొడుకు తన పట్టీ మీద రెండు గీతలు చూసి చెమటలు కక్కాడు. "మేడం, మొన్న మా ఇంట్ల గూడ రెండే పడ్డయి, కడుపన్నరు. నాకేమైంది?" అని మెల్లగా అడిగాడు. డాక్టరు గారు నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయారు.

కానీ ఆ మొదటి రోజు నవ్వు లేదు. ఓదెలన్న పట్టీ మీద ఒక్కటే గీత పడింది.

"ఒక్కటే ఉన్నది. మంచిదే గద?"

"కాదన్నా. నిద్రమాత్రల జాతి మందు ఉన్నట్టు చూపిస్తోంది."

అతను ముందు నవ్వాడు. నా ముఖం చూసి ఆపాడు. "జరమొస్తెనే నేను గోలి మింగ, చెల్లె."

ఇంకో పట్టీ ముంచాను. అదే ఫలితం. అతను ఆ పట్టీని బల్ల మీద బోర్లించాడు. అందర్నీ రమ్మని పిలిచిన మనిషి. బయట జనం ఎదురుచూస్తున్నారు. ఆ రోజు డంపర్ ఎక్కనని, ఒంట్లో బాగాలేదని ఫోర్‌మెన్‌కు చెప్తానని డాక్టరు గారికి మాటిచ్చి గుమ్మం దాటాడు. "ఏమొచ్చిందే అన్నా?" అని ఎవరో అడిగితే, "పరీక్ష ఐపోయింది. నొప్పేం లేదు. పోండ్రి" అన్నాడు. అది అబద్ధం కాదు. నిజం మొత్తమూ కాదు.

ఆ తరవాత ఒక్కొక్కరూ రాసాగారు. చాలామందికి రెండు గీతలు వచ్చాయి. కొందరికి ఒక్కటే వచ్చింది. వాళ్లనూ బండెక్కొద్దని చెప్పి డాక్టరు గారు సెలవు చీటీ రాసిచ్చారు. ఆ కొందరిలో ఒక్కరూ నిద్రమాత్ర వేసుకునేవాళ్లు కాదు. ఒకరిద్దరైతే పరువు తీశామని మా మీద కోపగించుకున్నారు కూడా.

"ఈ ఎండకి కిట్లు పాడైపోయి ఉంటాయండి" అన్నారు డాక్టరు గారు. నిజమే అనిపించింది. రామగుండం ఎండలో రేకుల గది పొయ్యిలా ఉంటుంది. కొత్త కిట్లు తెప్పించి డిస్పెన్సరీ చల్లటి గదిలో పెట్టి, ఒక్క గీత వచ్చినవాళ్లతో పాటు నా మూత్రం, ఆయన మూత్రం కూడా పరీక్షించాం. మా ఇద్దరికీ రెండు గీతలు. ఓదెలన్నకు మళ్లీ ఒక్కటే. కిట్ల తప్పు కాదు.

అందరూ తాగే క్యాంటీన్ టీ మీద అనుమానం వచ్చింది. అదే టీ తాగినవాళ్లలో రెండు గీతలు వచ్చినవాళ్లే ఎక్కువ. దగ్గు మందా అనుకున్నాం, అదీ కాదు. అప్పుడు నేను పరీక్ష మానేసి కబుర్లు మొదలుపెట్టాను. సాయంత్రం ఏం తింటారు, ఎవరితో కూర్చుంటారు, ఎక్కడ తాగుతారు. పిల్లలకు ఇది గట్టిగా చెప్తాను, పట్టీ చెప్పలేనిది మనిషి చెప్తాడు, తొందరపెట్టకుండా అడిగితే. ఒక ముసలి ఆపరేటర్ రోజూ కల్లు తాగేవాడు. అతనికి రెండు గీతలే. "నేను దుకాన్ల తాగ బిడ్డా. మా ఊర్ల గౌడు చెట్టు దిగంగనే వాని కుండల నుంచే తాగుత" అన్నాడు. ఒక్క గీత వచ్చినవాళ్లందరూ బస్తీలో దుకాణం కల్లు తాగేవాళ్లు.

చెట్టు కల్లు, దుకాణం కల్లు

ఓదెలన్న రెండు రకాల కల్లూ తెచ్చాడు. నేను ఆత్రంగా పట్టీ తీసి దుకాణం కల్లులో ముంచబోతే డాక్టరు గారు చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "మూత్రానికి చేసిన పట్టీ కల్లులో ఏం చెబితే ఏం నమ్ముతామండి? మనకు కావలసిన జవాబు వచ్చిందని సంతోషపడతామంతే." సీసాలు కట్టించి హైదరాబాదులో ఒక ల్యాబుకు పంపారు. జవాబు కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో నాకు పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే మనుషుల ఆరాటం ఎలా ఉంటుందో తెలిసింది.

చెట్టు నుంచి తెచ్చిన కల్లులో ఏమీ లేదు. దుకాణం కల్లులో నిద్రమందు ఉంది. ఎండాకాలం చెట్లకు కల్లు తగ్గుతుంది, తాగేవాళ్లు తగ్గరు. నీళ్లు, చక్కెర కలిపి, మత్తు కోసం పొడి వేస్తారు. మందు కల్లు అనే మాట మేమందరం విన్నదే. అది మరుసటి ఉదయం స్టీరింగు దాకా వస్తుందని మాత్రం ఎవరమూ అనుకోలేదు.

ఈ సంగతి మీటింగులో చెప్పగానే ఇంకో గొడవ. "ఆంధ్ర డాక్టరు మన కల్లు మీద పడ్డడు. బ్రాందీ దుకాన్లు మంచియి, మన కల్లు చెడ్డదా?" అని అరిచారు. ఆ రోజుల్లో ఆ మాటకు ఎంత బలముందో అప్పుడు ఇక్కడున్నవాళ్లకు తెలుసు. డాక్టరు గారు తల వంచుకున్నారు. నాకూ లోపల కాస్త రోషం వచ్చిన మాట నిజం, మా ఇంట్లో పండక్కి దేవతకు పోసేది కల్లే.

ఓదెలన్న లేచాడు. "కల్లును ఎవ్వలు ఏమంటలేరు. కల్లుల కలిపినదాన్ని అంటున్నరు. మన కల్లును ఖరాబు జేసినోడు ఎవడు? హైదరాబాదు నుంచి రాలే, ఆంధ్ర నుంచి రాలే. మన బస్తోడే. వాన్ని అడుగుదాం."

ఆపేయమన్న రోజు

ఒక్క గీత వచ్చినవాళ్లందరితో డాక్టరు గారు ఒకే మాట అన్నారు, దుకాణం కల్లు ఇవాళ్టి నుంచి బంద్. ఎంత తేలిక సలహా. ఓదెలన్న పట్టుదల మనిషి, ఆ సాయంత్రమే మానేశాడు.

రెండు మూడు రోజులకు అతని భార్య లచ్చవ్వ షేర్ ఆటోలో అతన్ని డిస్పెన్సరీకి తీసుకొచ్చింది. ఒళ్లంతా వణుకుతోంది. మంచం మీద పడుకోబెడితే లేచి కూర్చుని, గాలిలో రెండు చేతులతో స్టీరింగు తిప్పుతున్నాడు. కాలితో బ్రేకు తొక్కుతున్నాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి" అంటున్నాడు, ఎదురుగా ఎవరూ లేకుండానే. నేను చెయ్యి పట్టుకుంటే నన్ను గుర్తుపట్టలేదు. కాసేపటికి ఫిట్స్ వచ్చాయి.

"తాగినన్ని దినాలు మంచిగుండె" అంది లచ్చవ్వ నాతో, కన్నీళ్లు తుడుచుకోకుండా. "మీ పరీక్ష జెయ్యవట్టి మానిండు. మానవట్టి గిట్లైండు. ఏం జేసిన్రు నా మనిషిని?"

డాక్టరు గారు ఇంజక్షన్ ఇచ్చి, ఫిట్స్ ఆగేదాకా మంచం పక్కనే నిలబడ్డారు. తరవాత ఆవిడ ముందుకొచ్చి చేతులు కట్టుకుని చెప్పారు.

"పొరపాటు నాదమ్మా. నిద్రమందుకు అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపేయమని చెప్పకూడదు. అది నాకు తట్టి ఉండాల్సింది. ఆయన్ని నేను బాగు చేస్తాను."

నేను చాలామంది పై అధికారుల కింద పనిచేశాను. తెలివైనవాళ్లు ఉన్నారు, మంచివాళ్లూ ఉన్నారు. ఒక కార్మికుడి భార్య ముందు, అటెండర్లు వింటుండగా, ఆ మాట అన్నవాళ్లను ఇంకొకరిని చూడలేదు.

ఆ రోజే మిగతావాళ్లందరి ఇళ్లకూ నేనూ ఆయనా తిరిగాం. మీ అంతట మీరు మానకండి, మా దగ్గరికి రండి అని చెప్పడానికి. అప్పటికే ఇద్దరు వణుకుతూ ఇంట్లో దుప్పటి కప్పుకుని ఉన్నారు. వాళ్లకు అదే జాతి మందును డాక్టరు చేతి మీదుగా కొలిచి ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. పరీక్ష ఒక్కటే పెట్టి, దొరికినవాణ్ణి ఏం చేయాలో ఆలోచించకపోవడం ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమైంది. ఇప్పటికీ ఎక్కడైనా ఉచిత పరీక్షల శిబిరం అని బోర్డు చూస్తే, దొరికినవాళ్లను ఎక్కడికి పంపిస్తారు అని అడుగుతాను. చాలాచోట్ల నిర్వాహకులు మొహాలు చూసుకుంటారు.

పేర్లు అడిగారు

ఓదెలన్నకు ఫిట్స్ వచ్చిన సంగతి ఊరంతా పాకింది. గని మేనేజరు మమ్మల్ని పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాడు. "ప్రమాదం జరిగితే సమాధానం చెప్పాల్సింది నేను. మత్తుతో ఎవరు బండి నడుపుతున్నారో మీకు తెలుసు, నాకు తెలియదు. ఇదెక్కడి న్యాయం? పేర్లు ఇవ్వండి" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. ఇస్తే రేపటి నుంచి ఆ గదికి ఒక్కరూ రారని కూడా తెలుసు.

డాక్టరు గారు, "వాళ్లెవరూ ఇప్పుడు బండి ఎక్కడం లేదండి, అందరూ నా వైద్యంలో సెలవులో ఉన్నారు. పేర్లు మాత్రం ఇవ్వలేను" అన్నారు. "అయితే రాతపూర్వకంగా అడుగుతాను" అన్నారు మేనేజరు. బయటికి వస్తూ, ఉద్యోగం పోతే ఇల్లు ఎలా గడుస్తుందో లెక్క వేసుకున్నాను. నేను ఉద్యోగం మీద బతికే మనిషిని.

ఆ సంగతి ఓదెలన్నకు తెలిసింది. అప్పటికి కాస్త కోలుకున్నాడు, చిక్కిపోయాడు. మొదటి షిఫ్టు వాళ్లు గేటు దగ్గర గుమిగూడినప్పుడు లచ్చవ్వ చెయ్యి పట్టుకుని వచ్చి, అరుగు ఎక్కి నిలబడ్డాడు. మైకు అక్కర్లేదన్నాడు.

"మొదటి దినం నాకేమొచ్చిందని అడిగిన్రు. చెప్పలే. సిగ్గైంది. నాకు ఒక్క గీతనే వచ్చింది. మందు కల్లు తాగి, ఆ మత్తు తలకాయల ఉండంగనే ఇన్ని దినాలు మీ మీదికెళ్లి బండి తోలిన. నాకు తెల్వక తోలిన. ఇప్పుడు తెలిసింది. ఇగ తెలిసి తోలితె తప్పు." అని మేనేజరు ఆఫీసు వైపు తిరిగాడు. "పేరు గావాలంటున్నరట. రాసుకొమ్మనుండ్రి. ఓదెలు. ఇంకో పేరు మా నోట్లకెళ్లి రాదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తరవాత గుంపులోంచి ఒకడు, "నాదీ ఒక్కటే గీత" అన్నాడు. ఇంకొకడు చెయ్యి ఎత్తాడు. నాకు తెలిసినవాళ్లే ఇద్దరూ. నాకు తెలియనివాళ్లు, అసలు పరీక్షకే రానివాళ్లు కూడా చేతులెత్తారు. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాళ్లనే చూస్తోంది.

మేనేజరు పేర్లు మళ్లీ అడగలేదు. చాలా మాటలయ్యాక ఒక ఒప్పందం కుదిరింది. తానే ముందుకొచ్చి చెప్పుకున్నవాడికి బాగయ్యేదాకా బండి కాకుండా బండ్లు రిపేరు చేసే షెడ్డులో పని ఇస్తారు, శిక్ష ఉండదు. దాచి నడిపి పట్టుబడితే యూనియన్ అడ్డం రాదు. సమ్మయ్య సస్పెన్షన్ ఎత్తేశారు. భుజం మునుపటిలా కాలేదు, అతను మళ్లీ డంపర్ ఎక్కలేదు.

అన్నీ బాగైపోయాయని రాస్తే అబద్ధమవుతుంది. దుకాణం మీద ఫిర్యాదు చేస్తే కొన్నాళ్లు మూతపడి, పక్క సందులో మళ్లీ తెరిచారు. పరీక్షకు ఎప్పుడూ రానివాళ్లు ఎప్పుడూ రాలేదు. ఆ తరవాతి ఎన్నికల్లో ఓదెలన్న కార్యదర్శి పదవికి ఓడిపోయాడు. కల్లు జోలికి పోయినందుకని కొందరన్నారు. "మంచిదాయె, బండి తోలుకుంట" అన్నాడు నాతో. తోలుకున్నాడు కూడా, రిటైరయ్యేదాకా. అతని మీద గెలిచిన కొత్త కార్యదర్శి పరీక్షలు ఆపేస్తాడని నేననుకున్నాను. ఆపలేదు. రేకుల గదికి ఫ్యాను పెట్టించాడు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. రాష్ట్రం వచ్చాక, నేను రిటైరయ్యే ముందు చలికాలంలో, ఒక ఉదయం నేనెప్పుడూ చూడని ఆపరేటర్ ఒకతను వచ్చాడు. మందమర్రి నుంచి బదిలీ మీద వచ్చాడట. కప్పు తీసుకున్నాడు. కాసేపు చేతిలో పట్టుకుని, ఖాళీగానే తిరిగి బల్ల మీద పెట్టాడు.

"పరీక్ష వద్దు మేడం. నిన్న మా బావోళ్లింట్ల దావతు. తలకాయ ఇంక తేలికగాలే, నాకే ఎర్క. ఇయ్యాల బండెక్క. ఫోర్‌మెన్‌కు ఏం జెప్పాలె?"

"నాకు చెప్పిందే చెప్పు."

వెళ్లి చెప్పాడు. ఫోర్‌మెన్ అతని ముఖంలోకి ఒకసారి చూసి, ఏమీ అడగకుండా షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. మిగతా బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి గనిలోకి దిగిపోయాయి. యార్డులో అతని డంపర్ ఒక్కటే మిగిలింది. నేను కప్పులు సర్దుకుని గది తలుపు దగ్గరికి వేసి, డిస్పెన్సరీకి నడిచాను.